కొండల పేర్లు పిల్లలకు చెప్పేదెవరు?

సెలవుదినం వస్తే బిడ్డలను వెంటబెట్టుకొని సముద్రతీరానికి పోవడం విశాఖపట్నంలో ఇంటింటి ఆచారమయింది. అందుకు తగిన వసతులూ ఉన్నవి. రామకృష్ణా తీరాన జలాంతర్గామి, దాని కెదురుగా యుద్ధవిమానం, కైలాసగిరి మీద ఉద్యానం, కంబాలకొండ అడవిని ఆనుకొని 1977లో తెరచిన జంతుప్రదర్శనశాల, భీమునిపట్నం దారిలో బౌద్ధారామాలు, ఎర్రమట్టి దిబ్బలు. ఇన్ని విశేషాలు ఒక్క తీరాన కూడి ఉండడం అరుదైన భాగ్యమే. అయితే సాయంకాలం ఇల్లు చేరిన పిల్లవాణ్ణి "ఏమి చూశావురా?" అని తాతగారు అడిగినప్పుడు, వాడు తిన్న తినుబండారాల పట్టిక తప్ప మరేమీ చెప్పలేకపోతే ఆ లోపం ఎవరిది? తీసుకొని పోయిన పెద్దలదే అనక తప్పదు.

చూపడం వేరు, చెప్పడం వేరు. ఈ భేదం తెలియడానికి కుర్సురా జలాంతర్గామి మంచి నిదర్శనం. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో సేవచేసి, 2001 ఫిబ్రవరిలో విశ్రమించిన ఈ నౌకను ఇసుక మీదికి లాగి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లు. ఆ ఇనుప గొట్టంలో సుమారు 75 మంది తినాలి, నిద్రించాలి, పనిచేయాలి. "నీళ్లలోపల ఊపిరెట్లా తీశారు? ఇంజను ఎట్లా నడిచింది?" అని పిల్లలు అడుగుతారు. నీటిపైన డీజిలు ఇంజన్లు నడిపి బ్యాటరీలను నింపుకొని, నీటి అడుగున ఆ విద్యుత్తుతోనే సాగేదని చెప్పడానికి అక్కడ పదవీ విరమణ చేసిన నావికులే మార్గదర్శకులుగా ఉంటూ వచ్చారు. ఇనుముకు నోరు వచ్చినట్లయింది. ఇరుకైన గుండ్రని ద్వారాలలో దూరి బయటపడిన బాలుడు ఆ ఒక్క గంటను ఏండ్ల తరబడి మరచిపోడు.

కొండల విషయంలో ఆ అదృష్టం అంతగా పట్టలేదు. తొట్లకొండకు ఆ పేరెందుకు వచ్చింది? రెండువేల ఏండ్ల క్రిందట భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు అక్కడ ఉన్నవి గనుక. బావికొండకు ఆ పేరు నీటిబావులవల్ల వచ్చింది. పావురాలకొండ పేరు విన్నవెంటనే అర్థమయ్యేదే. బౌద్ధం ఈ నేల విడిచిపోయింది. చైత్యాలు మట్టిలో కలిసిపోయినవి. చదువుకున్నవారు సైతం వాటిని మరచిపోయారు. చుట్టుపట్ల పల్లెల జనం మాత్రం తొట్లనూ బావులనూ పేర్లలో దాచి తరతరాలుగా అందించారు. తొట్లకొండలో 1988 నుండి 1992 వరకు జరిగిన త్రవ్వకాలలో శాతవాహనుల నాణేలతోపాటు రోమక నాణేలు కూడా బయల్పడినవి. ఆ కొండమీద నిలిచి సముద్రంవైపు చూపి, "ఈ దారినే ఓడలు వచ్చేవి" అని ఒక్క మాట చెబితే చాలు. పాఠ్యపుస్తకంలోని శాతవాహనులు పిల్లవాడి కళ్లయెదుటికి వస్తారు.

వారమంతా చాకిరి చేసి ఆదివారం నాడు గాలి పీల్చుకోవడానికి వచ్చేవారికి ఈ పాఠాలెందుకని కొందరడుగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. విహారాన్ని బడిగా మార్చమని ఎవరూ కోరరు. కాని ప్రశ్నలు వేయడం పిల్లలకు శ్రమ కాదు, ఆట. ఆ ఆటకు బదులు పలికే తోడు లేనప్పుడే వారు విసిగి, చేతిలోని ఫోనులో తలదూర్చుతారు. ఏ విహారస్థలమైనా కుటుంబానికి తగినదని అనిపించుకోవాలంటే మూడే మూడు కావాలి: అవ్వ కూర్చోవడానికి నీడ, పసివానికి మంచినీరు, బడి కెళ్లే పిల్ల తనంతట తాను చదువుకోగల తేటతెలుగు పలక. రంగుదీపాలూ, సిమెంటు బొమ్మలూ ఆ తరువాతి మాట.

ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. జలాంతర్గామి తుప్పు పడితే మరమ్మతు చేయవచ్చు. విమానానికి రంగు వేయవచ్చు. ఎర్రమట్టి దిబ్బలకు మరమ్మతు లేదు. సముద్రమట్టం హెచ్చుతగ్గులకు లోనైన కాలాలలో గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏండ్లుగా పేరుకొని, ఇనుము ఆక్సీకరణం చెంది ఎర్రబడి, వానధారలకు కోసుకుపోయి ఏర్పడిన లోయలవి. దక్షిణాసియాలో ఇటువంటివి తమిళనాడులోనూ సింహళంలోనూ తప్ప కానరావు. 2014లో వీటికి జాతీయ భూవారసత్వ స్థలమన్న గౌరవం దక్కింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కినవి. ఈ రెంటి నడుమ, 2024లో, అదే ప్రాంతంలో నేల చదును చేసిన పనులు వివాదమై పత్రికల కెక్కినవి. గౌరవపత్రం ఒక చేతికి, గునపం మరొక చేతికి అందితే ఆ నేల ఎవరిని నమ్మాలి?

చట్టాలు అవసరమే. అయితే చట్టానికి కావలికాచేది ప్రజల మమకారం. పేరు తెలియని దానిమీద మమకారం పుట్టదు. ఈనాడు ఆ దిబ్బల అంచుకు ఎక్కి జారుతూ ఆడుకొనే బిడ్డకు, "ఈ మట్టి ఒక్కసారి పోతే మళ్లీ రాదమ్మా, మెల్లగా నడువు" అని తల్లి చెబితే, రేపు ఆ బిడ్డ పెద్దదై అక్కడ గునపం పడనివ్వదు. ఇందుకు ఖర్చు లేదు, ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. బయలుదేరేముందు పెద్దలు నాలుగు సంగతులు తెలుసుకొని, ఒకే రోజున అన్నీ చుట్టివచ్చే తొందర మాని, ఒక్క చోటును తీరికగా చూపితే చాలు. పల్లెజనం అక్షరం రాకుండానే కొండల పేర్లను తరతరాలుగా కాపాడారు. చదువుకున్న తరం కనీసం వాటి అర్థాన్ని తన బిడ్డలకు అందించలేకపోతే, ఆ చదువుకు అర్థమేమిటి?