ఆడలేక ఆక్సిజన్ సెన్సార్ ఓడు

పోయిన నెల మా కారు డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఓ కుర్రాడు స్కానర్ తగిలించి, అర నిమిషం చూసి, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, లేబర్‌తో కలిపి తొమ్మిది వేలవుద్ది" అన్నాడు. కోడ్ ఏమొచ్చింది అనడిగాను. పి0171 అన్నాడు. అదిగో, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే పి0171 అంటే సెన్సార్ పాడైందని కాదు. "గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది, నేను ఎంత పెంచినా సరిపోవట్లేదు మొర్రో" అని ఈసీయూ మొత్తుకోవడం. సెన్సారే పాడైతే చెప్పడానికి వేరే కోడ్‌లున్నాయి. పి0133 అంటే సెన్సార్ మందకొడిగా స్పందిస్తోందని, పి0135 అంటే దాని హీటర్ సర్క్యూట్‌లో లోపమని. ఇక్కడ అవేవీ రాలేదు. సాక్షి వచ్చి దొంగతనం జరిగిందని చెప్తే, సాక్షినే లోపలేశారన్నమాట!

మన భాషలో చెప్పాలంటే, అర్ధరాత్రి డిస్క్ నిండిందని అలర్ట్ వస్తే, డిస్క్ సంగతి వదిలేసి మానిటరింగ్ టూల్ పీకి కొత్తది పెట్టడం లాంటిది. మీ టీంలో ఎవడన్నా ఆ పని చేస్తే ఊరుకుంటారా? రూట్ కాజ్ ఏదీ అని నాలుగు కాల్స్ పెట్టి చంపుతారు. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం మాట్లాడకుండా కార్డు గీకేసి వచ్చేస్తాం.

అసలు ఆ సెన్సార్ ఏం కొలుస్తుందో చూద్దాం. గాలి-ఇంధనాల నిష్పత్తిని కొలుస్తుందని అందరూ అంటారు. అది నిష్పత్తిని కొలవదు. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ని చూస్తుందంతే. జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థానికి ఒకవైపు పొగ, రెండోవైపు బయటి గాలి. రెండువైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి వోల్టేజీ పుడుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే 0.1 వోల్టు దగ్గర, మిగలకపోతే 0.9 దగ్గర ఉంటుంది. సరిగ్గా సరిపోయే చోట, అంటే లాంబ్డా 1 దగ్గర, ఒక్కసారిగా అటూ ఇటూ దూకుతుంది. ఇది పాత రకం నారోబ్యాండ్ సెన్సార్. మా కారులో ముందున్నది అదే. ఎంత తేడా ఉందో కూడా చెప్పగలిగేది వైడ్‌బ్యాండ్. ఏదైనా మాట్లాడేది ఆక్సిజన్ గురించే. నిష్పత్తి అన్నది మనం దాన్నుంచి లెక్కకట్టుకునేది.

ఈ తేడా తెలియకపోతేనే చిక్కంతా. ప్లగ్గు సరిగా కొట్టక ఒక సిలిండర్ మిస్ అవుతోందనుకోండి. పెట్రోలూ మండలేదు, ఆక్సిజనూ మండలేదు. రెండూ అలాగే బయటికొస్తాయి. సెన్సార్ ఆక్సిజన్ చూసి "పెట్రోల్ చాల్లేదు" అంటుంది. సెన్సార్‌కి ముందు మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర చిన్న లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని మళ్ళీ అదే మాట. ఈసీయూ ఆ మాట నమ్మి ఇంకా పెట్రోల్ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, మండని పెట్రోల్ కెటలిటిక్ కన్వర్టర్‌లోకెళ్ళి మండి దాన్ని కాల్చేస్తుంది. అది మార్చాలంటే సెన్సార్ ఖరీదు ఓ మూలకి కూడా రాదు.

సరే, నా కారు సంగతికి వద్దాం. ఇంటికొచ్చి ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోల్‌కి ఈసీయూ ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె అది. ఐడిల్‌లో ప్లస్ 26 శాతం. 2500 ఆర్పీఎంకి పెంచితే ప్లస్ 7. సెన్సార్ చెడిపోతే ఐడిల్‌లో ఒక మాట, వేగం పెంచితే ఇంకో మాట చెప్పాల్సిన పనేముంది? ఎయిర్‌ఫ్లో మీటర్‌ని దాటాక ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందని అర్థం. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలి తక్కువ కాబట్టి ఆ దొంగ గాలి వాటా పెద్దది. వేగం పెరిగితే వాటా చిన్నదవుతుంది.

మా వీధి చివర షెడ్డులో మెకానిక్‌కి ఆ అంకెలు చూపించాను. ఆయన బానెట్ ఎత్తి, రబ్బరు గొట్టాలన్నీ ఒక్కొక్కటే తడుముతూ పోయి, ఒక దాని మడత దగ్గర బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. ఫోన్‌లో అంకె నా కళ్ళముందే దిగడం మొదలైంది. "ఇదే అన్నా, చీలిపోయింది" అన్నాడు. గొట్టం ఖరీదు నూట ఎనభై రూపాయలు. సెన్సార్ మాత్రం పాతదే, లక్షణంగా పనిచేస్తోంది.

"సెన్సార్లు ఎప్పుడూ పోవా ఏంటి?" అంటారు. పోతాయి. ఆయిల్ మసి పట్టినా, సిలికాన్ సీలెంట్ ఆవిరి తగిలినా, ముసలివైనా పోతాయి. కానీ చూసి తెలుసుకోవచ్చు కదా! ఇంజన్ వేడెక్కాక ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే 0.9 వైపు లేవాలి. నడుస్తున్న బండిలో గేరులో ఉండగా కాలు తీసేస్తే పెట్రోల్ ఆగిపోయి 0.1కి పడాలి. వెంటవెంటనే మారుతుంటే సెన్సార్ బతికున్నట్టే. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టకుండా తొమ్మిది వేలు అడగడం డయాగ్నసిస్ కాదు, పార్టుల అమ్మకం.

ఇంకో ముచ్చట. కొందరు వైడ్‌బ్యాండ్ గేజ్ పెట్టుకుని 14.7 చూపిస్తోంది, అంతా సూపర్ అని మురిసిపోతుంటారు. 14.7 అనేది ఎథనాల్ కలపని పెట్రోల్ లెక్క. 2025 నాటికి మన బంకుల్లో ఈ20 వచ్చేసింది. దానికి సరైన నిష్పత్తి సుమారు 13.5. గేజ్ చేసేదల్లా లాంబ్డాని 14.7తో గుణించి చూపించడం. ఈ20 పోసినా 14.7 అనే చూపిస్తుంది, ఎందుకంటే లాంబ్డా 1 దగ్గరే ఉంది కాబట్టి. నిష్పత్తి చూడకండి, లాంబ్డా చూడండి. అలాగే ఈ20 పోసిన కొత్తలో ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరిగితే అదేం రోగం కాదు. ఈసీయూ తన పని తాను చేసుకుంటోంది. దానికీ సెన్సార్‌నే తిట్టకండి.

వీళ్ళకంటే ఘనులు ఇంకొందరున్నారు. లైటు వెలగకుండా సెన్సార్‌కి తప్పుడు సిగ్నల్ ఇచ్చే సామాను బిగిస్తారు. 1976లో బాష్ చేసిన ఈ సెన్సార్ మొదట అమెరికాలో అమ్మే వోల్వో కార్లలో వచ్చింది. ఎందుకొచ్చింది? త్రీ-వే కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడిటినీ ఒకేసారి బాగా తగ్గించేది లాంబ్డా 1 చుట్టూ ఉన్న ఇరుకు సందులోనే. ఆ సందులో ఇంజన్‌ని నిలబెట్టేది ఈ సెన్సారే. దాని నోరు మూయిస్తే లైటు ఆరుతుంది. సిగ్నల్ దగ్గర వెనకాల స్కూటర్ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నాయన పీల్చే పొగ మాత్రం ఆరదు.

కాబట్టి అయ్యా, ఈసారి ఎవరైనా "సెన్సార్ పోయింది సార్" అంటే డబ్బులిచ్చే ముందు మూడడగండి. కోడ్ ఏది? ఐడిల్‌లో ట్రిమ్ ఎంత, 2500 దగ్గర ఎంత? లీకులు చూశారా? జవాబు చెప్పలేకపోతే తాళాలు తీసుకుని వచ్చేయండి. ఆఫీసులో లాగ్ చూడకుండా ఒక్క టికెట్ కూడా క్లోజ్ చెయ్యనివ్వని మనం, సొంత కారు దగ్గర ఆ మాత్రం గట్టిగా అడగలేమా?