రేషన్ కార్డు ఉన్నా పస్తులెందుకు? ఊళ్లో దొరికే చేబదులు.. సిటీలో దొరకదు!

నెలాఖరుకి బియ్యం డబ్బా ఖాళీ అయితే ఏం చేస్తారు? ఊళ్లో అయితే పక్కింటి నుంచి సోలెడు బియ్యం బదులు తెచ్చుకుంటారు. కిరాణా కొట్టులో ఖాతా రాయిస్తారు. మరి నిన్నగాక మొన్న హైదరాబాద్ శివార్లలో పనికి దిగిన వలస కుటుంబం సంగతేంటి? ఆకలి అనగానే ధరలు, కూలి రేట్ల గురించే మాట్లాడతాం. చుట్టూ ఎవరున్నారన్నది కూడా అంతే ముఖ్యం.

కార్డు ఎంతవరకు ఆదుకుంటుంది?

2013 ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం ఇవ్వాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. వేరే రాష్ట్రంలోనూ రేషన్ తీసుకునే 'వన్ నేషన్ వన్ రేషన్ కార్డ్' 2019 ఆగస్టులో మొదలైంది. తొలి ప్రయోగం జరిగిన జంటల్లో ఏపీ, తెలంగాణ ఒకటి. ఇప్పుడు శ్రీకాకుళం కార్డుతో హైదరాబాద్‌లో బియ్యం తెచ్చుకోవచ్చు.

కార్డు వచ్చింది.. నమ్మకం రాలేదు

5 కిలోలంటే రోజుకు 170 గ్రాములు కూడా కాదు. బరువులు మోసే కూలీకి అది ఏ మూలకి? మిగతాది కొనాలి, లేదంటే అప్పు తేవాలి. ఊళ్లో కొట్టు యజమాని ఇల్లు, మనిషిని చూసి అరువిస్తాడు. సిటీలో 'రేపు ఎక్కడుంటారో' అన్న అనుమానంతో ఖాతా తెరవడు. ఇక మిగిలేది మేస్త్రి దగ్గర అడ్వాన్సే. అదీ కూలీలో కోతే. ఏ షాపులో బియ్యం ఇస్తారో, ఎప్పుడు తెరుస్తారో చెప్పే పొరుగువాళ్లు కూడా ఉండాలి కదా!

ఊళ్లో మాత్రం అందరికీ దొరుకుతుందా?

లేదు. చేబదులు కూడా కులం గీత దాటడం కష్టం. ఒంటరి వృద్ధులు, వితంతువులు అడగడానికే మొహమాటపడతారు. పరువు పోతుందని పస్తులుండేవాళ్లూ ఉన్నారు. ఏపీలో 2025 జూన్ నుంచి 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు రేషన్ ఇంటికే చేరుస్తున్నారు. అడగాల్సిన అవసరం లేకుండా అందడమే ఇక్కడ అసలు మేలు.

జహీరాబాద్ మహిళలు ఏం చేశారు?

బంధాన్ని ఏర్పాటుగా మార్చారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని పేద మహిళలు, వారిలో ఎక్కువ మంది దళితులు, 1990ల్లో బీడు భూములను సాగులోకి తెచ్చారు. పండిన జొన్నల్లో కొంత ఊళ్లోనే నిల్వ చేసి, పనుల్లేని రోజుల్లో పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదలో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది.

మరి సిటీలో?

5 రూపాయల క్యాంటీన్‌లో ఎవరి పరిచయం అక్కర్లేదు. అందుకే అవి కూలీల అడ్డాలకు దగ్గర్లో ఉండాలి. బస్తీల్లోని మహిళా సంఘాలు కొత్తగా వచ్చినవారినీ చేర్చుకోవాలి. బియ్యం ప్రభుత్వం ఇవ్వగలదు. 'ఈ పూట తిన్నారా?' అని అడిగేది మాత్రం పక్కింటివాళ్లే.