చిట్టా లేని గుమాస్తా

కొన్ని సంవత్సరాల క్రితం మా వీధి గ్రంథాలయం కోసం ఒక చిన్న వెబ్ పేజీ తయారుచేసి ఇచ్చాను. పుస్తకం కావలసిన పాఠకుడు అందులోని బటన్ నొక్కాలి. ఎందరు కోరారో ఆ ప్రక్కనే అంకె కనపడాలి. తొలి పాఠకుడు బటన్ నొక్కగానే ‘1’ రావలసిన చోట ‘నాన్’ అని ప్రత్యక్షమయింది. వెబ్ పేజీలను నడిపించే జావాస్క్రిప్ట్ భాషలో దానికి ‘ఇది సంఖ్య కాదు’ అని అర్థం. గ్రంథపాలకుడు నన్నేమీ అనలేదు గాని, మరునాడు మళ్ళీ కాగితమూ పెన్సిలూ తీశాడు.

లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఆ లెక్కను పంపిన తీరులో ఉంది.

1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన ఈ భాషలో అంకెనో పేరునో పంపినట్లే, ఒక పనిని, అంటే ఫంక్షన్‌ను, ఆర్గ్యుమెంటుగా పంపవచ్చు. ‘బటన్ నొక్కినప్పుడు ఈ పని చెయ్యి’ అని బ్రౌజరుకు అప్పగించడం ఈ విధంగానే. ఇక ఆబ్జెక్ట్ అన్నది చిట్టాను చంకలో పెట్టుకొని తిరిగే గుమాస్తా వంటిది. సమాచారమూ, దానితో చేసే పనీ దానివద్దనే ఉంటాయి. నా గుమాస్తాకు తెలిసిన పని ఒక్కటే: ‘నా చిట్టాలోని అంకెకు ఒకటి కలుపు.’ నేను ఆ వాక్యాన్ని మాత్రం చీటీ మీద వ్రాసి బ్రౌజరుకిచ్చి, గుమాస్తాను ఇంటివద్దనే వదిలివేశాను.

చీటీలోని ‘నా’ ఎవరిది? చదివినవారిది! జావాస్క్రిప్ట్‌లో ఆ ‘నా’ను ‘దిస్’ అంటారు. సాధారణ ఫంక్షన్‌లో దాని అర్థం వ్రాసిన చోటును బట్టి కాక, పిలిచిన తీరును బట్టి ఏర్పడుతుంది. బ్రౌజరు ఆ పనిని బటన్ పేరిట జరిపించింది. పాపం, బటన్‌కు చిట్టా ఎక్కడిది? లేనిదానికి ఒకటి కలపగా వచ్చినదే ఆ ‘నాన్’.

2009 నాటి ప్రమాణంలో చేరిన ‘బైండ్’ దీనికొక మందు. చీటీలో యజమాని పేరును ముందే బిగించి పంపుతుంది. నేనూ అదే వాడాను. పుస్తకం ఎవరికైనా ఇచ్చిన తరువాత లెక్క ఆపాలి కదా! ఆపమనేటప్పుడు మొదట ఇచ్చిన ఫంక్షన్‌నే మళ్ళీ చూపాలి. బైండ్ మాత్రం పిలిచిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్‌ను తయారుచేస్తుంది. మన కంటికి కవలలే, బ్రౌజరుకు పరాయివారు. పొరపాటని చెప్పనైనా చెప్పక అది ఊరకుండిపోయింది. అంకె పెరుగుతూనే ఉంది.

చివరకు గుమాస్తానే పంపాను. ‘హ్యాండిల్ ఈవెంట్’ అనే పేరుగల ఫంక్షన్ ఉంటే చాలు, ఆబ్జెక్టునే బ్రౌజరుకు ఇవ్వవచ్చునని 2000 సంవత్సరపు డామ్ ప్రమాణంలోనే ఉంది. అప్పుడు ‘నా’ అంటే ఆ ఆబ్జెక్టే. ఆపవలసినప్పుడూ దానినే చూపవచ్చు. ఎన్నో పాఠ్యగ్రంథాలు దీనిని ఎందుకు దాటవేస్తాయో నాకు అర్థం కాదు.

అలాగని ప్రతి పనికీ గుమాస్తా అక్కరలేదు. ఏమీ చెప్పకుండా అంకెలను వరుసలో పెట్టమంటే జావాస్క్రిప్ట్ వాటిని అక్షరాలుగా చదివి, 9 కంటె ముందు 10ని ఉంచుతుంది. రెండింటిలో ఏది చిన్నదో చెప్పే చిన్న ఫంక్షన్‌ను పంపితే సరిపోతుంది. దానికి జ్ఞాపకముంచుకోవలసినది ఏమీ లేదు. పైగా ఆబ్జెక్టును పంపినప్పుడు వెళ్ళేది చిట్టాకు నకలు కాదు, అసలు చిట్టాయే. అందుకొన్నవారెవరైనా అందులో దిద్దవచ్చు.

గ్రంథాలయంలో ఇప్పుడు అంకె సరిగానే కనపడుతున్నది. గ్రంథపాలకుడు మాత్రం సాయంత్రం తలుపులు వేసేముందు దానిని తన కాగితంతో ఒకసారి సరిచూసుకొంటాడు.