చేతిలో డబ్బు లేకుండా అద్దెకిచ్చే ఇల్లు కొంటారా? సంతకానికి ముందు ఆగండి

రెజైనాలోని తెలుగు కుటుంబాలకు ఇది హెచ్చరిక. ‘రొక్కం లేకపోయినా అద్దెకిచ్చే ఇల్లు కొనిపిస్తాం’ అని ఎవరైనా అంటే, అప్పు ఎవరి పేరున ఉంటుందో ముందు అడగండి.

మన ప్రావిన్స్‌లోనే జరిగింది చూడండి. సాస్కటూన్ కేంద్రంగా నడిచిన ఎపిక్ అలయన్స్ సంస్థ బయటి ప్రావిన్స్‌ల వారి చేత ఇళ్లు కొనిపించింది. అద్దె, మరమ్మతుల భారం తనదేనని, ఏటా 15 శాతం రాబడి ఖాయమని చెప్పింది. ప్రోనోట్ల మీదా డబ్బు తీసుకుంది. 2022 జనవరిలో చేతులెత్తేసింది. మదుపరుల నుంచి వచ్చిన సొమ్ము 21 కోట్ల డాలర్ల పైచిలుకని కోర్టు నియమించిన పరిశీలకులు తేల్చారు. సంస్థ పోయింది, కొన్నవారి పేరున తనఖా అప్పు మిగిలింది. చాలామందికి దక్కినవి పాడుబడిన ఖాళీ ఇళ్లు.

మోసం లేని చోటా ముప్పుంది. తాము నివసించని చిన్న అద్దె ఇంటికి కనీసం 20 శాతం డౌన్ పేమెంట్ కట్టాలి. దాన్ని తప్పించుకోవడానికి ‘మేమే ఉంటాం’ అని రాసివ్వమనే వారున్నారు. స్నేహితుడి దగ్గర తెచ్చిన అప్పును కానుకగా చూపించమనే వారూ ఉన్నారు. దీన్ని తెలివి అనుకోకండి, బ్యాంకుకు అబద్ధం చెప్పడమే. సంతకం మీది కాబట్టి నేరమూ మీ మెడకే చుట్టుకుంటుంది.

ఉన్న ఇంటి మీద లైన్ ఆఫ్ క్రెడిట్ తీసి రెండో ఇంటికి కట్టేవారూ లెక్క చూసుకోవాలి. ఆ అప్పు వడ్డీ బ్యాంకుల ప్రైమ్ రేటును బట్టి మారుతుంది. ఆ రేటు 2022 ఆరంభంలో 2.45 శాతం, 2023 జులైకి 7.20. లక్ష డాలర్ల అప్పుకు ప్రైమ్ రేటు వడ్డీయే నెలకు 204 నుంచి 600 డాలర్లకు పెరిగింది. అద్దె అలా మూడింతలు కాదు. అద్దెదారు ఖాళీ చేసిన నెలలో ఆ అద్దె కూడా రాదు.

కాబట్టి ఇవి తప్పనిసరి. ఇంటిని స్వయంగా చూడండి. ఆరు నెలల వాయిదాలకు, ఒక పెద్ద మరమ్మతుకు సరిపడా డబ్బు పక్కన పెట్టండి. అమ్మేవారికి సంబంధం లేని లాయరుకు కాగితాలు చూపించండి. తనఖా బ్రోకరుకు లైసెన్సు ఉందా, మదుపు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ ఉందా అని సస్కాచెవాన్ ఫైనాన్షియల్ అండ్ కన్స్యూమర్ అఫైర్స్ అథారిటీని అడగండి. దాని కార్యాలయం రెజైనాలోనే ఉంది.

గుడిలో పరిచయమనో, మన జిల్లావాడనో నమ్మి సంతకం చేయకండి. ‘ఈరోజే తేల్చండి’ అని తొందరపెట్టే బేరాన్ని ఈరోజే వదిలేయండి.