అక్కడ హాబీ, ఇక్కడ కులం!

మన ఆడవాళ్లకి చేతిపనులంటే ప్రాణం. లేసులల్లుతాం, పూసలతో చిలకలు చేస్తాం, తంజావూరు బొమ్మలకి బంగారు రేకు అంటిస్తాం. పాత చీరలు పేర్చి బొంత కుడితే "ఎంత ఓపికమ్మా నీకు!" అని పక్కింటివాళ్లు మెచ్చుకుంటారు. అదే చేత్తో ఒక తోలుముక్క పట్టుకుని చూడండి. మెచ్చుకున్న ఆ నోళ్లే "ఇదేం పనమ్మా!" అంటాయి.

ఈ ప్రస్తావన ఎందుకొచ్చిందంటే, ఈమధ్య మా చుట్టాలావిడ ఒకరు కొడుకు పంపిన ఫోటోలు చూపించింది. అబ్బాయి టెక్సాస్‌లో ఇంజనీరు. శని ఆదివారాలు తోలుపని నేర్చుకుంటున్నాడట. మొట్టమొదట చేసింది తుపాకీ ఒర. పోలీసు ఇన్‌స్పెక్టర్ల నడుముకి కనిపిస్తుందే, ఆ హోల్‌స్టర్ అన్నమాట. "మావాడి చేతిలో కళ ఉంది వదినా!" అని మురిసిపోయింది. నిజమే, మురవాల్సిన పనే.

తుపాకులంటే నాకు మోజేమీ లేదు. కానీ ఆ ఒర ఎలా చేస్తారో వింటే కుట్టుపని తెలిసిన ఏ ఆడదానికైనా ముచ్చటేస్తుంది. ముందు కాగితం మీద కత్తిరింపు, అచ్చం మన జాకెట్టుకి మల్లేనే. తుపాకీ ఆకారం గీసుకుని, దాని మందానికి కొంత, కుట్టుకి కొంత చుట్టూ వదలాలి. తోలు మందాన్ని అక్కడ ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సంటే అంగుళంలో 64వ వంతు. ఒరకి 8 ఔన్సుల తోలు, అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉండాలి. అదీ చెట్టు బెరడుతో పదును చేసిన తోలయితేనే మంచిది. క్రోమియం లవణాలతో పదును చేసిన మెత్తటి తోలు తడిపి అదిమితే ఆకారం నిలుపుకోదు.

ఇక కుట్టు. మన మిషను కుట్టులో పైదారం వేరు, బాబిన్ దారం వేరు. ఒకటి తెగితే వరసంతా ఊడిపోతుంది. వీళ్లు మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కిస్తారు. ఆరెతో పొడిచిన ప్రతి బెజ్జంలోంచీ అటునుంచి ఒక సూది, ఇటునుంచి ఒక సూది దూరుస్తారు. ఒకచోట తెగినా రెండో పోగు పట్టి ఉంచుతుంది. కుట్టడం అయ్యాక ఒరని నీళ్లతో తడిపి, తుపాకీ ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ బొమ్మని లోపల దోపి, వేళ్లతో అదిమి ఒంపులు తెస్తారు. అది ఆరి గట్టిపడ్డాక అంచులు గరుకు కాగితంతో రుద్ది, తేనెమైనం పట్టిస్తారు.

పైగా ఇది ఆషామాషీ విద్య కాదు. జాకెట్టు పాడైతే గుడ్డ దండగ, అంతే. ఒర మూతి మెత్తబడి లోపలికి మడతపడితే, తుపాకీ దోపేటప్పుడు ఆ మడత మీటకి తగిలి పేలిపోవచ్చు. అందుకే మీట పూర్తిగా ఒర లోపల ఉండాలి, మూతి బిగువుగా నిలవాలి. ఒక ప్రాణం ఆ కుట్టు మీద ఆధారపడి ఉంటుంది.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఆ ఆరె, ఆ రంపె, ఆ గూటం, ఆ మైనం దారం మన వీధి చివర చెట్టు కింద కూర్చునే ఆయన దగ్గరా ఉన్నాయి కదా! టెక్సాస్ అబ్బాయికి ఫోటోలూ, పొగడ్తలూ. ఈయనకి మాత్రం "ఏయ్, ఇదిగో" అనే పిలుపూ, పది రూపాయల దగ్గర బేరమూను! అక్కడ హాబీ అయిన పని ఇక్కడ కులమెందుకయింది?

చెట్టు బెరడు అన్నాను కదా, దానికోసం టెక్సాస్ దాకా వెళ్లక్కర్లేదు. మన తంగేడు చాలు. దక్షిణాదిన తరతరాలుగా తంగేడు బెరడుతో తోళ్లు పదును చేశారు. ఆ చెట్టు పువ్వుని బతుకమ్మలో పేర్చి నెత్తిన పెట్టుకున్నాం. తెలంగాణకి రాష్ట్ర పుష్పం కూడా అదే. ఆ చెట్టు బెరడు పట్టిన చేతుల్ని మాత్రం ఊరవతల ఉంచాం.

మా కాలనీ మహిళా మండలిలో వేసవి క్లాసుల్లో తోలుపని కూడా పెడదామన్నాను. మూడు జవాబులొచ్చాయి.

ఒకావిడ "మాకు మడీ ఆచారం ఉన్నాయండీ" అంది. ఆవిడ భుజాన ఉన్నది తోలు సంచి. వాళ్లమ్మాయి అరంగేట్రంలో మోగింది మృదంగం. మృదంగానికి మూత తాటాకుతో వేస్తారనుకుందేమో!

రెండో ఆవిడ "అమ్మో, వాసన!" అంది. వాసన లంద దగ్గర ఉంటుంది. పదునై వచ్చిన తోలు కొత్త చెప్పుల దుకాణంలా వాసనేస్తుంది. ఆ దుకాణంలో ఈవిడ గంటసేపు కూర్చోగా నేను చూశాను.

మూడో ఆవిడ అందరికన్నా తెలివైంది. "మనం నేర్చుకుంటే పాపం వాళ్ల పొట్ట కొట్టినట్టు కాదూ?" అంది. వినడానికి ఎంత దయగా ఉందో చూడండి! పొట్ట కొట్టొద్దనుకుంటే ఆ చెట్టు కింది ఆయన్నే గురువుగారిగా పిలుద్దాం, కుర్చీ వేద్దాం, సంగీతం మాస్టారికిచ్చేంత జీతం ఇద్దాం అన్నాను. ఆ మాటతో మీటింగ్ ముగిసిపోయింది. వాళ్ల దయకి అభ్యంతరం పొట్ట దగ్గర కాదు, కుర్చీ దగ్గర!

తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ రైతు కుటుంబంవాడు. తోలు శాస్త్రం చదివి మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకి డైరెక్టరయ్యారు. 1985లో కనిష్క విమానం కూలినప్పుడు పోయారు. ఇవాళ్టికీ ఆయన మావాడని తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. ప్రయోగశాలలో ముట్టుకుంటే సైన్సు, లందలో ముట్టుకుంటే అంటూనా? రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసిందని పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం. మనమెప్పుడు చదువుకుంటాం?

నన్ను అపార్థం చేసుకోకండి. వృత్తి గౌరవం పేరు చెప్పి వాళ్ల పిల్లల్ని మళ్లీ ఆ గూటం ముందే కూర్చోబెట్టమనడం లేదు. టెక్సాస్ అబ్బాయికి విసుగేస్తే రేపే ఆరె పక్కన పడేసి గిటారు పట్టుకుంటాడు. చెట్టు కింది ఆయన తాతకి ఆ వీలు లేదు. ఇష్టమున్నవాళ్లు ఎవరైనా నేర్చుకోగలగాలి, ఇష్టం లేనివాళ్లు ఎవరైనా వదిలేయగలగాలి. హాబీకీ కులానికీ తేడా అదే, నేను అడుగుతున్నదీ అదే.

పెళ్లిలో కొత్త దంపతులకి అరుంధతిని చూపిస్తాం. ఆవిడని తమ ఆడపడుచుగా చెప్పుకునేవాళ్లే మన కాళ్లకి చెప్పులు కుట్టారు. పట్టపగలు కనిపించని చుక్క కోసం ఆకాశంలోకి చూసే ఓపిక ఉన్న మనకి, ఎదురుగా కూర్చున్న మనిషి మొహంలోకి చూసే తీరిక ఉండదా? ఈసారి చెప్పు తెగినప్పుడు "ఏయ్" అనకుండా "ఏమండీ" అని పిలవండి. బేరమాడకుండా అడిగిన డబ్బులివ్వండి. అది మన నోటికి అలవాటయ్యాక తోలుపని క్లాసు సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. కుర్చీ మటుకు నేను తెస్తాను.