ఛిందవాడలో ఆరడుగుల నేల: లేఖనమా, ఆచారమా, భూమి తల్లా?

బస్తర్ జిల్లా దర్భా బ్లాకులో ఛిందవాడ అనే ఊరుంది. కమల్‌నాథ్ పేరుతో మనకు తెలిసిన మధ్యప్రదేశ్ ఛింద్వాడా కాదు, ఇది వేరు. ఇక్కడ 2025 జనవరి 7న ఒక పాస్టర్ అనారోగ్యంతో చనిపోయారు. ఊరి శ్మశానంలో పూడ్చడానికి గ్రామస్తులు కొందరు ఒప్పుకోలేదు. సొంత పొలంలో పూడ్చుకుంటామంటే దానికీ ఒప్పుకోలేదు. శవం మార్చురీకి చేరింది. కొడుకు హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఊరట దొరక్క సుప్రీంకోర్టు తలుపు తట్టారు. జనవరి 27న తీర్పు వచ్చేసరికి ఇరవై రోజులైంది.

వచ్చింది కూడా ఒక తీర్పు కాదు, రెండు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని, పంచాయతీ వైఖరి వివక్షేనని జస్టిస్ బి.వి. నాగరత్న రాశారు. ప్రభుత్వం కేటాయించిన చోటే పూడ్చాలి, శాంతిభద్రతలు కూడా చూడాలి అని జస్టిస్ సతీష్ చంద్ర శర్మ రాశారు. విస్తృత ధర్మాసనానికి పంపితే శవం మరెన్నాళ్లు ఉండాలో తెలియదు. అందుకే ఇద్దరూ కలిసి 142వ అధికరణం కింద ఒక మాట మీదికి వచ్చారు: ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కాపాల్ క్రైస్తవ శ్మశానంలో, పోలీసు బందోబస్తుతో భూస్థాపన.

దీన్ని మతస్వేచ్ఛ కేసుగానే అందరూ చదివారు. అది సరైనదే. అయితే వాదనల్లో ఇంకో విచిత్రం ఉంది. ఆ కుటుంబం కోర్టులో ఆధారంగా చూపింది బైబిల్‌ను కాదు. తాతను, మరో బంధువును ఇదే ఊళ్లో, మహరా కులస్తులకు వదిలిన శ్మశాన భాగంలో, క్రైస్తవులు వాడుకుంటున్న చోటే పూడ్చామని చెప్పింది. అంటే ఊరి వాడుకను చూపించింది. గ్రామ సంప్రదాయం తరఫున నిలబడ్డ ప్రభుత్వం మాత్రం చూపించింది కాగితాన్ని. శవాల ఖననం, దహనాల స్థలాలపై 1999 నాటి పంచాయతీ నిబంధనలు తీసి, క్రైస్తవులకని కేటాయించిన స్థలం ఈ ఊళ్లో లేదంది. గ్రంథాన్ని నమ్మేవాళ్లు ఆనవాయితీని ఆశ్రయించారు. ఆనవాయితీని కాపాడతామన్నవాళ్లు రాతను ఆశ్రయించారు.

వాక్యం ఒక్కటే చాలా?

విశ్వాసికి ఏది ప్రమాణం అన్నది క్రైస్తవంలో పాత తగాదా. లేఖనమే అంతిమ ప్రమాణం అన్నాడు లూథర్. లేఖనంతో పాటు అపొస్తలుల నుంచి వచ్చిన పారంపర్యాన్నీ అదే గౌరవంతో స్వీకరించాలని 1546లో ట్రెంట్ మహాసభ చెప్పింది. రెండూ ఒకే ఊటలోంచి వచ్చినవేనని 1965లో రెండో వాటికన్ మహాసభ సర్దిచెప్పింది. మూడో దారి ప్రకృతి: సృష్టిని చూసే దేవుణ్ని కొంత తెలుసుకోవచ్చని రోమీయులకు రాసిన పత్రికలో పౌలే అన్నాడు.

బస్తర్‌కు క్రైస్తవం రకరకాలుగా వచ్చింది. తొలి దారుల్లో ఒకటి మన వైపు నుంచే. తెలంగాణలో పనిచేసిన మెథడిస్టు మిషనరీ చార్లెస్ బి. వార్డ్ 1890ల నాటికే జగదల్‌పూర్ చేరారు. అక్కడి 'లాల్ చర్చ్' అసలు పేరు చందయ్య స్మారక చర్చి. పేరు వింటే తెలుగువాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. కేరళ మూలాలున్న సీరో మలబార్ కథోలికుల జగదల్‌పూర్ మేత్రాసనం 1972లో మొదలైంది. ఇప్పుడు గ్రామాల్లో ఎక్కువగా కనిపించేవి చిన్న చిన్న ప్రార్థనా బృందాలు. వాటికి వాక్యమే సర్వస్వం.

ఆ వాక్యానికి అసలు పరీక్ష పంట చేతికొచ్చే రోజున ఎదురవుతుంది. బస్తర్‌లోనూ, ఇటు భద్రాచలం వైపు కోయగూడేల్లోనూ కొత్త పంటను ముందు పెద్దలకు, భూమికి పెట్టాకే నోట్లో పెట్టుకుంటారు. కొత్తల పండుగ, విత్తనాల పండుగ మన పాఠకులకు తెలిసినవే. విశ్వాసి ఆ ప్రసాదం తినడు, పండుగ చందా ఇవ్వడు. అతనికది విగ్రహారాధన. ఊరికి మాత్రం అది ఒకడి సొంత నమ్మకం వ్యవహారం కాదు. వాన, పంట, రోగం అందరివీ. ఒకరు తప్పుకుంటే లెక్క తప్పుతుందని ఊరి భయం.

ఇక్కడ 'బైబిల్ చెప్పింది' అనడం తేలికే, కానీ బైబిల్ ఒకే మాట చెప్పలేదు. విగ్రహాలకు అర్పించినవి వద్దని అపొస్తలుల కార్యాల్లో యెరూషలేము సభ తీర్మానించింది. కొరింథులో ఇదే తగవు వస్తే, విగ్రహం ఒట్టిదే, భూమీ దాని సమృద్ధీ ప్రభువువే, అంగట్లో మాంసం ఆరా తీయకుండా తినండి అన్నాడు పౌలు. అదే పత్రికలో, ప్రభువు బల్ల దగ్గరా దయ్యాల బల్ల దగ్గరా రెండుచోట్లా కూర్చోలేరనీ అన్నాడు. ఏ వచనాన్ని ముందు పెట్టాలో తేల్చేది మళ్లీ ఒక సంఘం, ఒక బోధకుడు, ఒక అలవాటు. లేఖనమొక్కటే అనేవాళ్లకూ తమదైన సంప్రదాయం ఉంటుంది. దానికి ఆ పేరు పెట్టరు, అంతే.

దీన్ని మొండితనం అని కొట్టేసే ముందు 1934ను గుర్తుచేసుకోవాలి. ప్రకృతిలోనూ దైవ ప్రత్యక్షతకు చోటుందని ఎమిల్ బ్రన్నర్ అంటే, కార్ల్ బార్త్ 'కాదు' అనే పేరుతోనే జవాబు రాశాడు. రక్తాన్నీ నేలనూ పవిత్రం చేసి చర్చిలోకి తెస్తున్న జర్మనీ అది. అడవిని నమ్ముకున్న గోండును నాజీతో పోల్చడం అన్యాయం, నా ఉద్దేశం అది కాదు. కానీ 'ఈ నేల మతం ఇదే, లేకపోతే ఈ నేలలో నీకు చోటు లేదు' అన్న మాట ఎవరి నోట వచ్చినా బార్త్ భయం అర్థమవుతుంది.

మట్టి ఎవరిది?

బస్తర్‌లో మట్టి అంటే పట్టా కాదు. ఊరు కట్టిన తొలి వంశానికీ భూమి తల్లికీ ఒక ఒప్పందం ఉంటుంది. ఆ వంశంలోని పూజారే దాన్ని నిలబెడతాడు. చనిపోయినవాళ్లు పెద్దల్లో కలుస్తారు, వాళ్లకు రాళ్లు నిలబెడతారు. నందినీ సుందర్ బస్తర్ చరిత్రలో ఈ భూమి బంధం గురించి వివరంగా ఉంటుంది. వేరే దేవుడి మనిషిని ఈ మట్టిలో పెడితే ఊరికి కీడు అనే భయం రాజకీయ నాయకులు కొత్తగా పుట్టించింది కాదు. దాన్ని వాళ్లు వాడుకుంటున్నారు, అది వేరే సంగతి.

పోనీ, చర్చి ఈ ఆచారాల్ని కలుపుకొంటే? ఛోటానాగ్‌పూర్ కథోలికులు అదే చేశారు. 2013లో రాంచీ దగ్గర సింగ్‌పూర్‌లో ఎర్రంచు తెల్లచీరతో, బిడ్డను వస్త్రంలో కట్టుకున్న మరియమ్మ విగ్రహం పెట్టారు. సర్నా ఆదివాసీలు వీధుల్లోకి వచ్చారు. మా తల్లిలా కనబడేట్టు చేసి మమ్మల్ని కలిపేసుకోవాలని చూస్తున్నారన్నది వాళ్ల అభ్యంతరం. ఆచారాన్ని వదిలేస్తే ద్రోహం, కలుపుకొంటే దొంగతనం. రెండు వైపులా దారి మూసుకుపోయాక వేదాంతులు చేయగలిగేది పెద్దగా ఉండదు.

పైగా ఛిందవాడ కుటుంబం గోండులూ కాదు. మహరాలు నేతపని చేసిన కులం, షెడ్యూల్డ్ కులాల జాబితాలోని వాళ్లు. క్రైస్తవంలోకి మారితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా పోతుంది. గిరిజనులకు ఆ నియమం లేదు. దాన్ని వాళ్లకూ వర్తింపజేయాలన్నదే 'డీలిస్టింగ్' ఉద్యమం. భూమి తల్లితో తొలి ఒప్పందం చేసుకున్న వంశం కాదు కాబట్టి ఊరి మట్టిలో మహరాల వాటా మొదటినుంచీ పక్క వాటాయే. శ్మశానంలో కులానికో మూల ఉందన్న సంగతే ఆ మాట చెబుతోంది. ఈ కోణం చర్చల్లో దాదాపు రాలేదు.

ఇక సంప్రదాయానికే ఏమవుతోందో చూడాలి. బస్తర్ పాత స్మారక శిలల మీద సాధారణంగా అక్షరాలుండవు. ఇప్పుడు ఊరి మొదట్లో అక్షరాలున్న బోర్డులు లేచాయి. కాంకేర్ జిల్లాలో కొన్ని గ్రామాలు పాస్టర్లకు, మతం మారినవాళ్లకు ప్రవేశం లేదని రాసిపెట్టాయి. దానికి ఆధారంగా చూపేది 1996 పెసా చట్టంలో గ్రామసభ తన సంప్రదాయాల్ని కాపాడుకోవచ్చన్న సెక్షన్. 2025 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, ప్రలోభంతోనో మోసంతోనో జరిగే మార్పిడిని ఆపడానికి పెట్టిన బోర్డుల్ని రాజ్యాంగ విరుద్ధం అనలేమంది. నోటి మాటగా, మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి సర్దుకునే ఆచారం బోర్డెక్కాక సర్దుకోదు. అది కూడా ఒక లేఖనమైపోతుంది. నాకైతే ఇదే అసలు నష్టంగా కనిపిస్తుంది: తాతను పూడ్చనిచ్చిన ఊరే, మనవడి నాటికి రూలు ఒప్పుకోదంటోంది.

అదే గ్రామసభ మాటకు గని దగ్గర ఎంత విలువ? 2019 జూన్‌లో బైలాడీలా 13వ డిపాజిట్ మీద వేలమంది ఆదివాసీలు కిరండూల్‌లో బైఠాయించారు. ఆ కొండ తమ నంద్‌రాజ్ దేవుడిదన్నారు. గనికి ఒప్పుకున్నట్టు చూపిన హిరోలీ గ్రామసభ తీర్మానమే ఫోర్జరీ అని ఆరోపించారు. అప్పటికి పనులు ఆగాయి కానీ, శవం విషయంలో గ్రామసభను శిరసావహించే యంత్రాంగం ఇనుప ఖనిజం విషయంలో దాన్ని సంతకాల కాగితంగా చూస్తుందని బస్తర్‌లో అందరికీ తెలుసు.

ఆదికాండంలో ఒక శ్మశానం కథ ఉంది. భార్య శారా చనిపోతే అబ్రాహాము, నేను పరదేశిని, పూడ్చుకోవడానికి చోటివ్వండి అని ఆ నేల వాళ్లను అడుగుతాడు. వాళ్లు మా శ్మశానాల్లో మంచిది ఎంచుకో అంటారు. అతను ఊరికే తీసుకోడు, నాలుగు వందల తులాల వెండి తూచి, ఊరి గవిని దగ్గర అందరి ముందూ మక్పేలా పొలం కొంటాడు. ఛిందవాడ కుటుంబం పరదేశులు కారు. పొలం వాళ్లదే.

క్రైస్తవులకు రాష్ట్రమంతటా శ్మశాన స్థలాలు రెండు నెలల్లో గుర్తించాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో రాశారు. 2025 డిసెంబరులో కాంకేర్ జిల్లా అమాబేడా ప్రాంతంలో ఒక సర్పంచ్ తన తండ్రిని ఊళ్లోనే, తమ భూమిలో పూడ్చారు. గొడవలు చెలరేగాయి, ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. రెండు రోజులకు అధికారులు ఆ శవాన్ని మట్టిలోంచి బయటికి తీశారు.