ఒక్కడే ఎక్కిన నిచ్చెన

‘సోలో లెవలింగ్’ మొదటి రెండు ఎపిసోడ్లు చూసినప్పుడు ఇది మన కథే అనుకున్నాను. ఆ లోకంలో ఉన్నట్టుండి గేట్లు తెరుచుకుంటాయి. వాటి వెనక డంజన్లు, డంజన్ల నిండా మృగాలు. వాటితో తలపడే శక్తి కొద్దిమందిలో మేల్కొంటుంది. వాళ్లను హంటర్లు అంటారు. మేల్కొన్న శక్తిని ఒక యంత్రం కొలిచి, ఈ నుంచి ఎస్ దాకా ఒక ర్యాంకు ఇస్తుంది. ఆ ర్యాంకు ఇక మారదు. ఎంత సాధన చేసినా, ఎన్నేళ్ల అనుభవం గడించినా అంతే. సంగ్ జిన్‌వూ ఈ-ర్యాంకు హంటర్, అందులోనూ అట్టడుగువాడు. తల్లి ఆసుపత్రిలో లేవని నిద్రలో ఉంది. చెల్లెలు చదువుకోవాలి. అందుకే ఒళ్లంతా గాయాలతో, చేతిలో ఒక నాసిరకం కత్తితో మళ్లీ మళ్లీ గేటులోకి దిగుతుంటాడు.

నిచ్చెనమెట్ల అసమానత గురించి అంబేడ్కర్ చెప్పింది చదివినవాళ్లకు ఈ లోకం పరిచయమైనదే. మొదటి ఎపిసోడ్‌లో జిన్‌వూ వెంట వెళ్లేవాళ్లలో చాలామంది గొప్ప హంటర్లేమీ కారు, వాళ్లూ పొట్టకూటికి వచ్చినవాళ్లే. అయినా జిన్‌వూని చూసి నవ్వుకుంటారు. తన కింద ఇంకొకడున్నాడన్న ఊరట ఉంది చూశారూ, అది ఆ నవ్వులో వినిపిస్తుంది. ప్రమాదం రాగానే ఎవరిని వదిలేసి పోవచ్చో కూడా ఆ ర్యాంకే నిర్ణయిస్తుంది. ఇంత చక్కగా మొదలైన కథ ఇరవై ఐదు ఎపిసోడ్లు తిరిగేసరికి ఎక్కడికి చేరిందన్నదే నా ఫిర్యాదు.

దీని గురించి రాయాలన్న పట్టుదల అశోకా రోడ్డులో వచ్చింది. ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో ఆదివారం బిర్యానీకి ఎంత రద్దీ ఉంటుందో ఢిల్లీలో చదివే తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. టోకెన్ పట్టుకుని నిలబడ్డాను. నా ముందు ఇద్దరు కుర్రాళ్లు, ఒకరిది కరీంనగర్, ఒకరిది ఒంగోలు, సివిల్స్ కోచింగ్‌కు వచ్చారు. వాళ్ల మాటలన్నీ జిన్‌వూ గురించే. తెలుగు డబ్బింగ్‌లో చూశారట. సిరీస్‌లో ‘సిస్టమ్’ అతనికి రోజూ ఒక పని పెడుతుంది: వంద పుషప్‌లు, వంద సిటప్‌లు, వంద స్క్వాట్లు, పది కిలోమీటర్ల పరుగు. చేయకపోతే శిక్ష. “మా టైంటేబుల్ కూడా ఇదే అక్కా, పుషప్‌ల బదులు పాలిటీ” అన్నాడు కరీంనగర్ అబ్బాయి. నేను ర్యాంకుల సంగతి ఎత్తాను. ఒంగోలు అబ్బాయి కాస్త విసుగ్గానే, “కథ కదక్కా, దాంట్లో కూడా కులం వెతకాలా?” అన్నాడు. టేబుల్ ఖాళీ అయింది, మాట అక్కడ ఆగిపోయింది.

వాళ్ల అభిమానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పదో తరగతి దాటగానే మనిషికి పేరు కంటే ముందు ర్యాంకు వచ్చే రాష్ట్రాల నుంచి వచ్చాం మనం. ఎంసెట్ ఫలితాల మర్నాడు పేపర్ మొదటి పేజీ నిండా తపాలాబిళ్లలంత ఫొటోలు, వాటి కింద అంకెలు. ఆ పేజీలో లేని లక్షలమంది ఇళ్లలో ఆ రోజు ఎలా గడుస్తుందో తెలిసిన కుర్రాడికి, ఈ-ర్యాంకు నుంచి లేచే జిన్‌వూ నచ్చకపోతేనే ఆశ్చర్యం.

సిరీస్ దమ్మున్నదే. చుగాంగ్ రాసిన కొరియన్ వెబ్ నవల ఇది. డుబు బొమ్మలతో వెబ్‌టూన్ అయింది. తర్వాత జపాన్‌లోని ఏ-1 పిక్చర్స్ దీన్ని యానిమేగా తీసింది. 2024 జనవరి నుంచి మార్చి దాకా పన్నెండు ఎపిసోడ్లు, 2025లో అవే నెలల్లో పదమూడు. 2025 క్రంచీరోల్ అవార్డుల్లో ఆ ఏటి మేటి యానిమే ఇదే. మొదటి సీజన్ చివర్లో ఎర్ర కవచం తొడుక్కున్న ఇగ్రిస్‌తో పోరాటం చూడండి. కత్తి ఎటు తిరిగిందో, అడుగు ఎక్కడ పడిందో కన్నుకు తెలుస్తూనే ఉంటుంది. హిరోయుకి సవానో సంగీతం గురించి వేరే చెప్పాలా? అక్కడ జిన్‌వూ ఓడిపోగలడు. అందుకే గుండె కొట్టుకుంటుంది.

రెండో సీజన్‌కు ఆ భయం పోయింది. ప్రతి పోరాటం ఒకే అచ్చు. మొదట ఇతర హంటర్లు వెళ్తారు, చావుదెబ్బ తింటారు, వాళ్ల శక్తి మన ముందు వృథా అయిపోతుంది, అప్పుడు అతను వస్తాడు. జేజు ద్వీపం మీద చీమల రాజుతో జరిగే పెద్ద యుద్ధం కూడా ఇంతే. దేశంలోకెల్లా గొప్ప హంటర్లను అతని ప్రవేశానికి మెట్లుగా పేర్చారు. మన మాస్ సినిమాల్లో ఇంటర్వెల్ ముందు జరిగే పని అది. ఇక్కడ సీజన్ అంతా ఇంటర్వెలే.

అంతకంటే నన్ను నిరాశపరిచింది కొలత సన్నివేశం. బలం పెంచుకున్న జిన్‌వూ మళ్లీ యంత్రం ముందు నిలబడతాడు. యంత్రం అతని శక్తిని కొలవలేకపోతుంది. అందరూ నోరు తెరుస్తారు. అతను ఎస్-ర్యాంకు. ఈ యంత్రానికి అందనిది ఒకటుందని ఇప్పుడు తేలింది కదా, మరి దాని మాట నమ్మి ఈ-ర్యాంకులో పారేసిన మిగతావాళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్న ఏ ఒక్క పాత్రకూ తట్టదు. కొలబద్ద మీద అనుమానం రావాల్సిన చోట కొలబద్దకు ఇంకాస్త మహిమ వచ్చింది.

కొలబద్దల గురించి విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? రాతపరీక్షలో వచ్చిన మార్కులకూ వైవాలో వేసే మార్కులకూ మధ్య సామాజిక వర్గాలవారీగా కనబడే తేడా వివక్షను సూచిస్తోందని జేఎన్‌యూ నియమించుకున్న అబ్దుల్ నఫే కమిటీయే 2016లో చెప్పింది. ఆ లెక్కలు బయటికి వచ్చాయంటే, తమ మార్కులు తమ ఒక్కరి లోపం కాదని ఏళ్ల తరబడి అడిగిన విద్యార్థులు ఉన్నారు గనక. ‘సోలో’గా అడిగి ఉంటే అది ఒక అభ్యర్థి గొణుగుడుగా మిగిలేది.

ఇక వాసన సంగతి. దీన్ని అభిమానులు ప్రేమకథగా చెప్పుకుంటారు, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఛా హే-ఇన్ అనే ఎస్-ర్యాంకు హంటర్ ఉంది. ఇతర హంటర్ల శక్తి ఆమెకు దుర్వాసనగా తగులుతుంది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటుంది. జిన్‌వూ దగ్గర మాత్రం ఆ వాసన లేదు. అతను అందరిలాంటివాడు కాదని ఆమెకు అలా తెలుస్తుంది, ఇష్టమూ అక్కడే మొదలవుతుంది. ముక్కు మూసుకోవడం అంటే ఏమిటో ఈ పేజీ చదివేవాళ్లలో చాలామందికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పని పడలేదు. అదే కొరియా నుంచి 2019లో బాంగ్ జూన్-హో ‘పారసైట్’ వచ్చింది. అందులోనూ వాసనే ఉంది. యజమాని ముక్కు మూసుకున్న క్షణంలో ఆ సినిమా బద్దలవుతుంది. ఇక్కడ అదే చేష్ట ఒక ముద్దుముచ్చట. ‘నువ్వు వాళ్లలా వాసన రావు’ అనే మెచ్చుకోలును కాలేజీల్లో వేరే మాటల్లో విన్నవాళ్లం కదా మనం: ‘నిన్ను చూస్తే అలా అనిపించదు’ అని.

జిన్‌వూ అసలు శక్తి నీడల సైన్యం. చంపినవాళ్లను ‘లే’ అంటే లేస్తారు, మోకాళ్ల మీద కూర్చుంటారు, ఇక వాళ్లు అతని సేవకులు. ఇగ్రిస్ లేచి తల వంచినప్పుడు నాకు కట్టప్ప గుర్తొచ్చాడు. బానిసత్వాన్ని విధేయతగా, విధేయతను వీరత్వంగా చూపిస్తే మనం ఈలలు వేస్తామని ‘బాహుబలి’ తేల్చేసింది. కానీ కట్టప్పకు కనీసం కన్నీళ్లున్నాయి. ఈ నీడలకు అవీ లేవు. ఒక్క చోట మాత్రం సిరీస్ తడబడింది. జేజు ద్వీపంలో చనిపోయిన ఒక వైద్య హంటర్‌ను జిన్‌వూ నీడగా లేపుతాడు. ప్రాణాపాయంలో ఉన్న ఛా హే-ఇన్‌కు అతని చేత వైద్యం చేయించి, పని అయ్యాక వెళ్లనిస్తాడు. అంటే చచ్చినవాడిని కట్టిపడేయడం తప్పన్న సంగతి ఈ కథకు తెలుసు. తోటి ఎస్-ర్యాంకు మనిషి విషయంలోనే తెలుసు. మంచు డంజన్‌లోని బరూకా మాట్లాడతాడు, మనుషుల్ని చంపమనే గొంతు తన తలలో వినిపిస్తోందంటాడు. రాక్షస కోటలోని ఎసిల్ అనే అమ్మాయి ప్రాణభిక్ష అడుగుతుంది, తనవాళ్ల సంగతి చెబుతుంది. ఎదుటివాళ్లూ ఎవరి ఆజ్ఞకో చిక్కినవాళ్లేనన్న ఆలోచన రెండుసార్లు తలుపు తట్టింది. పాయింట్లు లెక్కేసుకుంటూ మనవాడు ముందుకు సాగిపోయాడు.

ఫాంటసీ నుంచి ఇంత ఆశించడం అన్యాయమని ఒంగోలు అబ్బాయి అనొచ్చు. కానీ ఈ కథ పుట్టిన నేల మీద జరిగింది చూడండి. కొరియాలో బేక్‌జంగ్ అనే వెలివేసిన కులం ఉండేది. పశువుల్ని కోసేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు. 1894 సంస్కరణలతో చట్టం ఆ అంతరాన్ని రద్దు చేసింది, ఊళ్లు రద్దు చేయలేదు. వాళ్లలో కొందరు మాంసం వ్యాపారంలో బాగా సంపాదించారు. జిన్‌వూ భాషలో లెవల్ పెంచుకున్నారు. అయినా వాళ్ల పిల్లలను బళ్లలో చేర్చుకోలేదు. జింజు పట్నంలో 1923 ఏప్రిల్‌లో హ్యంగ్‌ప్యంగ్‌సా అనే సంఘం పుట్టడానికి ఆ అవమానం ఒక ముఖ్య కారణం. ఆ పేరులోని మొదటి మాటకు తక్కెడ కోల అని అర్థం. మాంసం తూచే చేతులు తమ వృత్తి సాధనాన్నే తీసుకుని, రెండు పళ్లేలూ సమంగా నిలవాలన్నాయి. అంతకు ముందటి ఏడాదే, 1922లో, జపాన్‌లో బురాకుమిన్‌లు సుయిహెయ్‌షా పెట్టుకున్నారు. వలస పాలకుల దేశంలోని వెలివాడలూ, పాలితుల దేశంలోని వెలివాడలూ ఒకరికొకరు సంఘీభావం చెప్పుకున్నాయి. అంబేడ్కర్ 1917లో కొలంబియా చదువుతో బరోడా వస్తే తలదాచుకోవడానికి గది దొరకలేదు. పదేళ్ల తర్వాత మహాడ్ చెరువుకు ఆయన వెళ్లింది వేలమందితో. కొరియా నవలను జపాన్ స్టూడియో తీసి, తెలుగులో మన చేతికి వచ్చిన సిరీస్‌లో ఈ మూడు చోట్ల చరిత్రలో ఏ ఒక్కదాని నీడా పడలేదంటే, నీడల మీదే నడిచే కథకు అది చిన్న వెలితి కాదు.

రెండో సీజన్‌లో నాకు నచ్చిన భాగం ఒకటుంది. కొత్త ర్యాంకు ఇంకా బయటికి రాకముందు జిన్‌వూ ఒక పెద్ద గిల్డ్ దగ్గర తవ్వకం ముఠాలో కూలికి చేరతాడు. బాస్ మృగాన్ని చంపితే గేటు మూసుకుపోతుంది కనుక, అది లోపల బతికి ఉండగానే ఈ ముఠా దిగి రాళ్లు తవ్వి బయటికి మోయాలి. పేరున్న హంటర్ల ఆస్తులన్నీ ఆ రాళ్లే. గునపం దెబ్బలు వినిపిస్తాయి, ఎవరో జోకు వేస్తారు, కాసేపు అంతా పనివాళ్ల లోకం. మర్నాడు జిన్‌వూని సామాన్లు మోసే పనికి పిలుస్తారు. అతను దాడికి వెళ్లే బృందం వెనక లోపలికి నడుస్తాడు, కెమెరా అతనితో పాటే వెళ్లిపోతుంది.